మూడేళ్ల పాపను ఎక్కడికి పంపాలి: వీధి చివరి అంగన్‌వాడీకా, వ్యాను వచ్చే నర్సరీకా?

ప్రశ్న: మాది వర్ధన్నపేట దగ్గర పల్లె. పాపకు మూడేళ్ల నాలుగు నెలలు. నేను ఇంటర్ వరకు చదివాను, ఇంట్లోనే కుట్టుమిషన్ పని చేస్తాను. మా ఆయన ట్రాలీ ఆటో నడుపుతారు, మిర్చి సీజన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు సరుకు వేసుకెళ్తారు. మా వీధి చివరే అంగన్‌వాడీ ఉంది. నాకు పాపను అక్కడికే పంపాలని ఉంది. మా అత్తమ్మ మాత్రం "అక్కడ అన్నం పెట్టి పడుకోబెడతారు, చదువేం వస్తుంది" అంటున్నారు. పక్కింటి బాబు హనుమకొండలో ఒక ప్రైవేటు బడికి వెళ్తున్నాడు. పాపకంటే మూడు నెలలే పెద్ద. అప్పుడే ఏబీసీడీలు రాస్తున్నాడు, యాభై దాకా అంకెలు అప్పజెబుతున్నాడు. అదే బడికి వెళ్లి అడిగాం. ఏడాదికి 30 వేలు, వ్యాను ఖర్చు వేరే. వ్యాను ఉదయం ఏడుంబావుకు వస్తుంది, సాయంత్రం నాలుగున్నరకు దింపుతుంది. "పాప చురుగ్గా ఉంది, నర్సరీ ఎందుకు? నేరుగా ఎల్‌కేజీలో వేద్దాం, ఏడాది కలిసొస్తుంది, పుట్టిన తేదీ సంగతి మేం చూసుకుంటాం" అన్నారు. మెదడు చిన్నప్పుడే ఎదుగుతుందని, ఆ వయసు దాటితే మళ్లీ రాదని వాళ్లిచ్చిన కాగితంలో ఉంది. దీనిమీద పరిశోధనలు నిజంగా ఏం చెబుతున్నాయి? అందరూ చిన్నప్పుడే బడిలో వేస్తుంటే మా పాప వెనకబడిపోదా?
— ఒక తల్లి, వరంగల్ జిల్లా

సమాధానం:

అమ్మా, మీ మనసు చెప్పిన మాటే సరైనది. ఈ ఏడాది పాపను మీ వీధి చివరి అంగన్‌వాడీకే పంపండి. దానికి ఒక షరతు ఉంది, అదేమిటో కింద చెబుతాను. నేరుగా ఎల్‌కేజీలో వేసే ఆలోచన మాత్రం ఏ షరతూ లేకుండా మానుకోండి.

ఆ కాగితంలో రాసిన మెదడు సంగతి పూర్తిగా అబద్ధం కాదు. పిల్లల మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్లలోపే జరిగిపోతుందని 2020 నాటి జాతీయ విద్యా విధానంలోనే రాశారు. కానీ "ఆ వయసు దాటితే మళ్లీ రాదు" అన్నది భయపెట్టడానికి చేర్చిన ముక్క. మనిషి ఆరేళ్ల తర్వాత కూడా నేర్చుకుంటూనే ఉంటాడు. పైగా ఆ ఎదుగుదలకు కావలసినదేమిటో వాళ్లు రాయలేదు. కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర, పరుగులు, చేతికి దొరికే వస్తువులు, అడిగిన ప్రతి "ఎందుకు"కూ ఓపికగా జవాబిచ్చే పెద్దవాళ్లు, దెబ్బల భయం లేని చోటు. జాతీయ విద్యా విధానం కూడా ఈ వయసు చదువు ఆటలతో, చేతిపనులతో, పిల్లలు వాళ్లంతట వాళ్లు వెతికి తెలుసుకోవడంతో సాగాలని చెబుతుంది. మూడేళ్ల పిల్ల చేత నాలుగు గీతల కాపీ పుస్తకం నింపించమని అందులో ఎక్కడా లేదు. అందులోంచి ఒక్క ముక్కను కత్తిరించి తీసుకొని, మిగతాదంతా దాచి, దాంతో తల్లులను బెదిరించి ఫీజులు వసూలు చేయడం నాకు చాలా కోపం తెప్పిస్తుంది.

పరిశోధనలు ఏం చెబుతున్నాయని అడిగే తల్లిదండ్రులు తక్కువ. మీరు అడిగారు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. చిన్నపిల్లల బడి గురించి మాట్లాడేవారంతా ముందుగా తలుచుకునేది అమెరికాలోని ఇప్సిలాంటీ అనే పట్టణాన్ని. అక్కడ 1962లో పెర్రీ ప్రీస్కూల్ పేరుతో ఒక ప్రయోగం మొదలైంది. పేద నల్లజాతి కుటుంబాల పిల్లలు 123 మందిని తీసుకొని, అందులో 58 మందికి మూడు, నాలుగేళ్ల వయసులో మంచి బడి అందించారు, మిగతావారికి అందించలేదు. రెండు జట్ల పిల్లలనూ నలభై ఏళ్లు వచ్చేదాకా గమనిస్తూ వచ్చారు. బడికి వెళ్లినవారిలో హైస్కూలు పూర్తి చేసినవారు ఎక్కువ. వాళ్ల సంపాదన మెరుగు. పోలీసు కేసుల్లో ఇరుక్కున్నవారు తక్కువ. చిన్నపిల్లల చదువు మీద పెట్టిన ఖర్చు సమాజానికి ఎన్నో రెట్లు తిరిగి వస్తుందని ఆర్థికశాస్త్రంలో నోబెల్ గ్రహీత జేమ్స్ హెక్‌మన్ లెక్కగట్టి చెప్పడానికి ముఖ్యమైన ఆధారాల్లో ఈ పిల్లల జీవితాలు ఒకటి.

ఈ సంగతి మన ప్రైవేటు బడుల ప్రచారంలోనూ అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఆ బడి ఎలా నడిచిందో మాత్రం ఎవరూ చెప్పరు. అక్కడ తరగతి రోజుకు రెండున్నర గంటలే. ఏం చేయాలో పిల్లలే అనుకునేవారు, చేసేవారు, ఏం చేశారో తర్వాత టీచరుకు చెప్పేవారు. టీచరు ప్రతి వారం పిల్లవాడి ఇంటికి వెళ్లి తల్లితో కలిసి కూర్చునేది. ఇక మీకు చెప్పిన బడిలో పాప వ్యానుతో కలిపి రోజుకు తొమ్మిది గంటలకు పైగా ఇంటికి దూరంగా ఉంటుంది, టీచరు మీ ఇంటి గడప తొక్కదు. రెండింటికీ పోలిక ఎక్కడుంది?

అదే అమెరికాలో టెనెసీ రాష్ట్రం నుంచి వచ్చిన ఫలితం ఇంకో రకంగా ఉంది. అక్కడ ప్రభుత్వం నడిపే పూర్వ ప్రాథమిక తరగతుల్లో సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువ వచ్చిన చోట్ల, సీటు దొరికిన పిల్లలనూ దొరకని పిల్లలనూ కలిపి దాదాపు 3 వేల మందిని పోల్చి చూశారు. మొదటి ఏడాది చివర సీటు దొరికినవారే ముందున్నారు. కొద్దికాలానికే ఆ తేడా చెరిగిపోయింది. ఆరో తరగతికి వచ్చేసరికి వాళ్ల మార్కులే తక్కువ, వాళ్లమీద క్రమశిక్షణ ఫిర్యాదులే ఎక్కువ. 2022లో ఈ ఫలితం వెలువడినప్పుడు ఈ రంగంలో పనిచేసేవారంతా కలవరపడ్డారు. నేను కూడా. చిన్నప్పుడే బడిలో వేస్తే చాలు, మేలే జరుగుతుందన్న నమ్మకం అక్కడ నిలబడలేదు. లోపల ఏం జరుగుతుందన్నదే అసలు సంగతి.

కుట్టుమిషన్ దగ్గర కూర్చునే మీకు నేను తప్పకుండా చెప్పాలనుకున్న అధ్యయనం ఇంకొకటి ఉంది. 1986-87 ప్రాంతంలో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో, పోషణ లేక ఎదుగుదల కుంటుపడిన 129 మంది పసిపిల్లల మీద జరిగింది. ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి కొందరు పిల్లల ఇళ్లకు వెళ్లి, ఇంట్లో ఉన్న వస్తువులతోనే పిల్లలతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకు చూపించారు. రెండేళ్లు చేసింది అంతే. ఇరవై ఏళ్ల తర్వాత చూస్తే ఆ పిల్లల సంపాదన, ఎవరూ రాని ఇళ్ల పిల్లల సంపాదనకంటే 25 శాతం ఎక్కువగా ఉంది. అక్కడ కట్టిన బడి లేదు, యూనిఫాం లేదు. తల్లి ఉంది, ఆమెకు దారి చూపిన మనిషి ఒకరు ఉన్నారు.

"అవన్నీ పరాయి దేశాల సంగతులు" అని మీ ఇంట్లో ఎవరైనా అనవచ్చు. మన దగ్గర కూడా పెద్ద అధ్యయనమే జరిగింది. తెలంగాణ, రాజస్థాన్, అస్సాం గ్రామాల్లో దాదాపు 14 వేల మంది నాలుగేళ్ల పిల్లలను 2011 నుంచి ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా గమనించారు. ఊళ్లలో పిల్లల చదువు మీద సర్వేలు చేసే అసర్ సెంటర్, ఢిల్లీలోని అంబేడ్కర్ విశ్వవిద్యాలయం కలిసి చేశాయి, 2017లో నివేదిక వచ్చింది. నాలుగేళ్లకు ఎక్కడో ఒకచోట చేరిన పిల్లలు చాలామందే ఉన్నా, అయిదేళ్లు వచ్చేసరికి ఒకటో తరగతికి కావలసిన సన్నద్ధత ఎక్కువమందిలో లేదని తేలింది. మాట వినడం, కథ అర్థం చేసుకోవడం, ఆకారాలూ సంఖ్యలూ గుర్తించడం వంటి వాటిలో వెనకబడే ఉన్నారు. ప్రైవేటు నర్సరీల్లో చాలావాటిలో ఒకటో తరగతి చదువునే కిందికి దించి చెబుతున్నారు, రాయించడం, బట్టీ పట్టించడమే ఎక్కువ. చాలా అంగన్‌వాడీల్లో బడి పని చాలా తక్కువ. రెండు చోట్లా ఆ వయసుకు తగిన చదువు అరుదు. ఎక్కడైతే ఆటలతో, కథలతో, పిల్లల వయసును బట్టి చదువు సాగిందో అక్కడి పిల్లలు మెరుగ్గా ఉన్నారు. మీ అత్తమ్మ అనుమానంలో నిజం ఉందమ్మా, కొట్టిపారేయకండి. అంగన్‌వాడీలో అన్నం పెట్టి పడుకోబెట్టడంతోనే సరిపెట్టే చోట్లు ఉన్నాయి. ఆ అనుమానం ప్రైవేటు నర్సరీ మీద కూడా అంతే గట్టిగా రావాలన్నదే నా మాట.

అంగన్‌వాడీల్లో బడి పని ఎందుకు తగ్గుతుందో అక్కడ ఒక్కరోజు కూర్చున్నవారికి అర్థమవుతుంది. టీచరు ఒక్కరే. పిల్లల బరువులు, ఎత్తులు కొలవాలి. వాటిని పోషణ్ ట్రాకర్ అనే ఫోను యాప్‌లో ఎక్కించాలి. గర్భిణులకు, బాలింతలకు భోజనం పెట్టాలి. పసివాళ్ల బాలామృతం పంచాలి. సర్వేలు, సమావేశాలు, రిజిస్టర్లు వేరే. వీటన్నిటి మధ్య మిగిలిన సమయమే మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలకు. తమిళనాడులో 640 అంగన్‌వాడీల మీద ఒక ప్రయోగం చేశారు. వాటిలో సగం కేంద్రాలకు పిల్లల చదువు కోసమే ఒంటిపూట పనిచేసే మనిషిని ఒకరిని అదనంగా ఇచ్చారు. చదువు చెప్పే సమయం రెట్టింపైంది. ఏడాదిన్నర తిరిగేసరికి ఆ పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ స్పష్టంగా ముందుకు వచ్చారు. పాత టీచరుకు పోషణ పని చూసుకునే తీరిక దొరకడంతో పిల్లల్లో ఎదుగుదల లోపం, తీవ్రమైన పోషకాహార లోపం కూడా తగ్గాయి. మన అంగన్‌వాడీ టీచర్లకు చేతకాక కాదు, చేతులు చాలక చదువు వెనకబడుతోందని దీన్నిబట్టి తెలుస్తుంది. తెలంగాణలో ఉన్న 35,700 అంగన్‌వాడీలకూ అలాంటి మనిషి ఒకరు కావాలని అడగాల్సింది మనమే. పంచాయతీ ఎన్నికలప్పుడు సిమెంటు రోడ్డు అడుగుతాం, ఇది అడగం.

ఇక "అందరూ వేస్తున్నారు కదా" అన్న మీ భయం. గ్రామాల్లో జరిపిన అసర్ సర్వే ప్రకారం దేశంలో మూడేళ్ల పిల్లల్లో ఏదో ఒక పూర్వ ప్రాథమిక కేంద్రంలో పేరున్నవారు 2018లో 68.1 శాతం, 2024లో 77.4 శాతం. నాలుగేళ్ల పిల్లల్లో ఇది 83 శాతం దాటింది. అయిదేళ్ల పిల్లల్లో 58.5 నుంచి 71.4 శాతానికి పెరిగింది. నిజంగానే ఎక్కువమంది పంపుతున్నారు. అయితే ఆ లెక్కలో అంగన్‌వాడీ పిల్లలూ ఉన్నారు. మూడు, నాలుగేళ్ల వయసులో ఎక్కువమంది ఉన్నది అక్కడే. మీ పాప పేరు మీ వీధి చివర రాయించిన రోజున ఆ 77 శాతంలో ఆమె కూడా ఉంటుంది, వెనకబడ్డ జాబితాలో కాదు.

అదే సర్వేలో నన్ను ఎక్కువగా సంతోషపెట్టిన అంకె ఇంకొకటి ఉంది. ఒకటో తరగతి పిల్లల్లో అయిదేళ్లు, అంతకంటే తక్కువ వయసువారు 2018లో 25.6 శాతం ఉండేవారు. 2024కు 16.7 శాతానికి తగ్గారు. ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలన్న మాట మెల్లగా ఊళ్లకు చేరుతోంది. కేంద్రీయ విద్యాలయాలు 2022-23 నుంచి ఆ నియమాన్నే పాటిస్తున్నాయి. దేశమంతా పిల్లలకు ఒక ఏడాది ఇవ్వడానికి చూస్తుంటే, మీకు "ఏడాది కలిసొస్తుంది" అని చెప్పినవారు మీ పాప దగ్గర ఒక ఏడాది తీసుకుంటున్నారు. లెక్క చూడండి. ఇప్పుడు ఎల్‌కేజీలో వేస్తే ఒకటో తరగతికి వెళ్లేనాటికి పాపకు అయిదేళ్ల నాలుగు నెలలు. తరగతిలో అందరికంటే చిన్న. పక్కన కూర్చున్నవాళ్లు ఒక ఏడాది పెద్దవాళ్లు. ఆ వయసులో ఏడాది అంటే మనిషి జీవితంలో అయిదో వంతు. వాళ్లకు ఇట్టే వచ్చే పని ఈమెకు రాదు, టీచరు "మందకొడి" అంటుంది, పాప నమ్ముతుంది. చురుకైన పిల్లకు ఈ అన్యాయం ఎందుకు చేయాలి? డెన్మార్క్‌లో బడి ఒక ఏడాది ఆలస్యంగా మొదలుపెట్టిన పిల్లలను గమనిస్తే, ఏడేళ్ల వయసులో నిలకడ లేకపోవడం, ధ్యాస కుదరకపోవడం బాగా తక్కువగా కనిపించాయి. ఆ మేలు పదకొండేళ్ల వయసులోనూ నిలిచి ఉంది.

వ్యాను మీ పల్లె దాకా ఎందుకు వస్తోందో కూడా తెలుసుకోండి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఒక్కో తల్లికి సగటున పుట్టే పిల్లలు 1.8 మందే. పిల్లలు తగ్గేకొద్దీ సీట్లు నింపుకోవడం బడులకు కష్టమవుతుంది. నర్సరీలో ఒక పాప చేరితే పదో తరగతి దాకా పదమూడేళ్ల ఫీజు చేరినట్టే. అందుకే మూడేళ్ల పిల్లల కోసం అంత పోటీ. ఆ బడి నడిపేవారు చెడ్డవారని నేననను. వాళ్లకు సీటు నిండటం అవసరం, మీకు పిల్ల ఎదగడం అవసరం.

పక్కింటి బాబు రాస్తున్న ఏబీసీడీల గురించి. పుట్టినప్పుడు మణికట్టులో గట్టి ఎముకలు ఉండవు, మెత్తటి మృదులాస్థి మాత్రమే ఉంటుంది. అక్కడ ఉండే ఎనిమిది చిన్న ఎముకలు ఏళ్ల తరబడి ఒక్కొక్కటిగా గట్టిపడతాయి. మూడేళ్ల పిల్ల చేతికి పెన్సిలిచ్చి గీతల మధ్య రాయమంటే ఏం చేస్తుందో ఒకసారి దగ్గరగా చూడండి. పెన్సిల్‌ను వేళ్లతో కాకుండా గుప్పిటతో పట్టుకుంటుంది. మొన బరువుగా నొక్కి కాగితం చింపుతుంది. భుజం దగ్గర్నుంచి చెయ్యంతా కదులుతుంది. నాలుక బయటికి వస్తుంది. నాలుగు అక్షరాలయ్యేసరికి చెయ్యి విదిలిస్తుంది. ఆ వేళ్లకు కావలసింది పిండి పిసకడం, చిక్కుడుకాయలు ఒలవడం, బియ్యంలో మట్టిగడ్డలు ఏరడం, మీరు కుట్టగా మిగిలిన గుడ్డముక్కలకు పెద్ద గుండీలు పెట్టి తీయడం. ఇవన్నీ చేసిన చెయ్యి అయిదున్నర, ఆరేళ్లకు అక్షరం పట్టుకుంటే కొద్ది నెలల్లో కుదురుతుంది. ఇక యాభై దాకా అప్పజెప్పడం. ఆ బాబు ముందు పది చింతగింజలు పోసి "ఆరు ఇవ్వు నాన్నా" అని అడిగి చూడండి. ఇస్తే చాలా సంతోషం. ఇవ్వలేకపోతే వాడికి వచ్చింది పాటే, లెక్క ఇంకా రాలేదు. వాడి తప్పేమీ లేదు, ఈ మాట వాళ్లమ్మతో అనకండి కూడా.

మంచి అంగన్‌వాడీ ఎలా ఉంటుందో నేను చూసిన ఒక కేంద్రం గురించి చెబుతాను. పర్వతగిరి వైపు ఒక ఊరు. గోడకు రంగు వెలిసిపోయింది, బొమ్మల పెట్టెలో సగం విరిగినవే. టీచరు పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి, బయట నుంచి తెచ్చిన ఆకులు మధ్యలో పోసింది. వేప, రావి, మర్రి, చింత. "ఒకేలా ఉన్నవి ఒకచోట పెట్టండి" అని ఊరుకుంది. కొందరు రంగును బట్టి వేరుచేశారు, కొందరు సైజును బట్టి. ఒక నాలుగేళ్ల పిల్ల మాత్రం వేపాకులనూ చింతాకులనూ కలిపి ఒక కుప్ప పెట్టింది. టీచరు తప్పు అనలేదు, ఎందుకు కలిపావని అడిగింది. "వీటికి చిన్న చిన్న పిల్లలున్నాయి, వాటికి లేవు" అంది ఆ పిల్ల, ఈనెకు రెండు వైపులా ఉన్న చిట్టి ఆకులను చూపిస్తూ. వృక్షశాస్త్రంలో పెద్ద తరగతుల్లో చెప్పే తేడాను ఆమె కళ్లతో పట్టుకుంది, తన మాటల్లో చెప్పింది. టీచరు ఇంకో నలుగురిని పిలిచి ఆ కుప్పను చూడమంది. ఏ వర్క్‌బుక్ ఇవ్వగలదు ఈ చదువు?

కాబట్టి నా షరతు ఇది. ముందుగా చెప్పకుండా ఒక ఉదయం, పది గంటల ప్రాంతంలో మీ అంగన్‌వాడీకి వెళ్లి గంటసేపు కూర్చోండి. పిల్లల గొంతులు వినిపించాలి. టీచరు పిల్లలతో మాట్లాడుతూ ఉండాలి, ఆ మాటల్లో "కూర్చో, చప్పుడు చేయకు" తప్ప ఇంకేమైనా ఉందా చూడండి. ఆ పూటలో ఒక కథో, పాటో, ఏదో ఒక ఆటో జరగాలి. ఆటవస్తువులు పిల్లలకు అందే చోట ఉన్నాయా, బీరువాలో తాళంలో ఉన్నాయా? మంచినీళ్లు, మరుగుదొడ్డి ఎలా ఉన్నాయి? వంట పొయ్యి పిల్లలకు దూరంగా ఉందా? ఇరవై మంది పిల్లలకు ఒక పెద్దమనిషి ఉండాలన్నది జాతీయ ప్రమాణం, పిల్లలెందరున్నారో లెక్కపెట్టండి. ఎవరైనా ఏడుస్తుంటే ఎవరు ఎత్తుకుంటున్నారో గమనించండి, నాకు దానికి మించిన గుర్తు లేదు. ఇదే కళ్లతో ఆ ప్రైవేటు బడికీ వెళ్లండి. తరగతి గదిలో కూర్చుని చూడనివ్వం అంటే అక్కడే మీకు సగం జవాబు దొరికినట్టు.

మీ అంగన్‌వాడీ చాలా రోజులు మూసే ఉంటుంటే, లేదా బడి పని అసలు జరగడం లేదని మీకు అనిపిస్తే, ముందు టీచరుతో మెల్లగా మాట్లాడండి. నెలకోసారి తల్లిదండ్రులను పిలిచి పిల్లల చదువు గురించి చూపించే ఈసీసీఈ డే (చిన్నపిల్లల సంరక్షణ, విద్య దినం) ఉంటుంది, దానికి వెళ్లండి. నలుగురు తల్లులు వెళ్లి కూర్చుంటే చాలాచోట్ల పని దానంతటదే మెరుగవుతుంది. అప్పటికీ మారకపోతే సూపర్‌వైజర్‌కు, తర్వాత ఆమె పైఅధికారి అయిన సీడీపీవోకు (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారికి) చెప్పండి. ఏమీ కుదరకపోతే అప్పుడు ప్రైవేటు నర్సరీ చూడండి, తప్పేమీ లేదు. కానీ దగ్గర్లో వర్ధన్నపేటలోనే చూడండి, హనుమకొండ దాకా వద్దు. మూడు, నాలుగేళ్ల పిల్లలకు పగటి నిద్రతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర, మూడు గంటల పాటు ఒళ్లు కదిలే ఆటలు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఏడుంబావు వ్యానుకు పాపను ఆరింటికి లేపాలి. ఆ రోజులో ఇవన్నీ ఎక్కడ పడతాయి?

ఇంగ్లిష్ గురించి మీరు అడగలేదు, కానీ ఆ 30 వేల వెనక ఉన్న ఆశ అదేనని నాకు తెలుసు. ఆ ఆశ న్యాయమైనదే. తెలంగాణ ప్రభుత్వ బడుల్లోనూ 2022-23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలైంది, పాప ఎక్కడ చదివినా అది ఎదురవుతుంది. ఈ మూడేళ్లలో ఆమెకు కావలసింది తన ఇంటి భాషలో బోలెడన్ని మాటలు. పునాది దశకోసం 2022లో వచ్చిన జాతీయ పాఠ్య ప్రణాళిక కూడా ఎనిమిదేళ్ల దాకా ఇంటి భాషే ప్రధానంగా ఉండాలంటుంది. కథను తెలుగులో అర్థం చేసుకుని తిరిగి చెప్పగల పిల్లకు, తర్వాత ఇంగ్లిష్‌లో కథ చెప్పడానికి కొత్తగా కావలసింది మాటలే. కథ ఎలా నడుస్తుందో ఆమెకు ముందే తెలుసు. మీ చుట్టుపక్కల తండాల్లో లంబాడీ మాట్లాడే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది, వాళ్ల విషయంలో మనం ఇంకా చాలా అశ్రద్ధగా ఉన్నాం.

అంగన్‌వాడీ నుంచి వచ్చాక మీరు పెద్దగా చేయాల్సినదేమీ లేదు. మిషన్ కుడుతూనే మాట్లాడండి. రాత్రి పడుకునేముందు ఒక కథ. స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, ఫోను మీ చేతిలోనే ఉంచుకుని పాపకు చదివి వినిపించండి. బతుకమ్మ పండుగకు అత్తమ్మ పూలు పేర్చేటప్పుడు పాపను పక్కన కూర్చోబెట్టండి. గునుగు ఒకవైపు, తంగేడు ఒకవైపు, బంతి ఒకవైపు వేరుచేయడం, కాడలన్నీ ఒకే పొడవుకు తుంచడం, పెద్ద వలయం మీద దానికంటే చిన్న వలయం పెట్టుకుంటూ పోవడం, ఒక వరస ఈ రంగు, ఒక వరస ఆ రంగు. లెక్కల పాఠానికి పునాది అని పుస్తకాలు చెప్పే వర్గీకరణ, కొలత, క్రమం, నమూనా నాలుగూ ఆ తాంబాలంలో ఉన్నాయి. అత్తమ్మకు ఈ మాట చెప్పండి. "మీరు నేర్పేది కూడా బడే అని రాశారు" అనండి. పాప చదువు గురించి ఆమెకున్న ఆరాటం మంచిది, ఆ ఆరాటానికి ఇంట్లో ఒక పని అప్పజెప్పండి.

అంగన్‌వాడీలో చేర్పిస్తే ఇంకో రెండు మేళ్లున్నాయి. గుడ్డు, వేడి భోజనం సరేసరి. నెలనెలా బరువు చూస్తారు, ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందం వచ్చి పిల్లలను పరీక్షిస్తుంది. చూపు, వినికిడి, మాట విషయంలో మీకు చిన్న అనుమానం ఉన్నా ఆ రోజు దగ్గరుండి అడగండి.

వచ్చే ఏడాదికి పాపకు నాలుగేళ్లు దాటతాయి. అప్పుడు మళ్లీ చూసుకోండి. కొన్ని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో 2025-26 నుంచి పూర్వ ప్రాథమిక తరగతులు మొదలయ్యాయి, మీ మండలంలో ఎక్కడైనా ఉందేమో జూన్ బడిబాట సమయంలో టీచర్లు ఇంటికి వచ్చినప్పుడు అడగండి. లేకపోతే అంగన్‌వాడీలోనే కొనసాగించి ఆరేళ్లు నిండాక ఒకటో తరగతిలో వేయండి. మధ్యలో యూకేజీకి ప్రైవేటు బడిలో వేయాలని మీ ఇద్దరూ అనుకుంటే, ఇప్పుడు మిగిలిన డబ్బు అప్పుడు పనికొస్తుంది.

చివరగా పుట్టిన తేదీ. "మేం చూసుకుంటాం" అన్నవారి చేతికి పాప కాగితాలు ఇవ్వకండి. జనన ధ్రువపత్రంలో ఒక తేదీ, ఆధార్‌లో ఒక తేదీ, బడి రికార్డులో ఇంకో తేదీ ఉంటే పదో తరగతి మెమో దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా పాప తిప్పలు పడుతుంది, సరిచేయించుకోవడానికి మీరు ఆఫీసుల చుట్టూ తిరగాలి. జనన ధ్రువపత్రం ఇంకా తీసుకోకపోతే పాప పుట్టిన చోటును బట్టి గ్రామపంచాయతీలోనో మున్సిపాలిటీలోనో వెంటనే తీసుకోండి. ఆధార్‌లో అదే తేదీ పడిందో లేదో చూసుకుని, అంగన్‌వాడీ రిజిస్టర్‌లోనూ అదే రాయించండి.